తలుపులో నట్టు

మార్చి 3

ఇందుమూలంగా ఈ డైరీకి తెలియజేయునది ఏమనగా, బళ్ళ సొట్టలు తీసే మా డెంటింగు షెడ్డులో వచ్చినవాళ్ళు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ వెనక ఎడమ కాలు ఈ ఉదయం పరమపదించింది. ఆ కాలు ఎందరినో మోసింది. బరువైనవాళ్ళని, బాకీ ఎగ్గొట్టినవాళ్ళని, ఊరికే కబుర్లకొచ్చి మధ్యాహ్నం దాకా లేవనివాళ్ళని, అందరినీ సమానంగా మోసింది. శవాన్ని పారెయ్యలేదు. కాలు చోట కాలు పెట్టి, మాస్కింగ్ టేపు చుట్టి, టేపు మీద తెల్లరంగు కొట్టాను. చూస్తే కొత్త కుర్చీ. కూర్చుంటే తెలుస్తుంది.

ఎవరు కూర్చోవాలో కూడా అనుకున్నాను. మా తోడల్లుడు.

ఈ డైరీ వాడిచ్చిందే. వాడు ఇన్సూరెన్సు ఏజెంటు, ఏటా జనవరిలో చుట్టాలందరికీ ఒకటి పంచుతాడు. ప్రతి పేజీ పైనా "మీ చిరునవ్వే మా భరోసా" అని అచ్చేసి ఉంటుంది. ఇన్నేళ్ళూ వీటిల్లో రంగులు కలిపే కొలతలు రాసుకునేవాణ్ణి. ఈ ఏడు వాడి సంగతి రాస్తాను. ఏడో తరగతితో బడి మానేసినోడి రాత, తప్పులుంటే డైరీయే సర్దుకోవాలి.

నిన్న వాడు ఫోన్ చేసి చెప్పాడు. మా ఆవిడ కంటి ఆపరేషనుకి కంపెనీ డబ్బివ్వదట.

మార్చి 4

నిన్న కోపంలో కుర్చీ గురించి ఎక్కువ, కన్ను గురించి తక్కువ రాశాను.

మా ఆవిడ రెప్పలు రెండూ జారిపోతున్నాయి. కుడిది మరీ. కన్ను బాగానే ఉంది, కిటికీకి తెర సగం దించినట్టు రెప్పే దిగిపోయింది. ఎదుటి మనిషిని చూడాలంటే గడ్డం పైకెత్తుతుంది. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు. తెలిసినవాళ్ళు కూడా అనుకుంటారు, అది వేరే సంగతి.

తను రెడీమేడ్ బట్టల కంపెనీలో మిషను మీద కుడుతుంది. నా షెడ్డులోంచి మాస్కింగ్ టేపు పట్టుకెళ్ళి, చిన్న ముక్క చింపి రెప్పని కనుబొమకి అంటించుకుని కుడుతుంది. సాయంత్రం పీకితే తోలు ఊడొచ్చినట్టు ఎర్రగా ఉంటుంది. పోయిన నెల కుడుతూ ఉండగా టేపు ఊడింది, సూది వేలిలో దిగింది. సూపర్‌వైజరమ్మ చెప్పేసింది, "అక్కా, కన్ను బాగుచేయించుకో. లేకపోతే మిషను మీద నుంచి తీసి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతా. వేసవి అయ్యేదాకా ఆగుతా, ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అని.

ఆ బల్ల దగ్గర జీతం సగం. మా ఆవిడ జీతం మాట ఎత్తలేదు. "అక్కడ అందరూ పని చేతకానివాళ్ళే కూర్చుంటారు" అంది.

రెప్ప ఎత్తి కుట్టాలన్నాడు డాక్టరు. తోడల్లుడు మాకు అంటగట్టిన పాలసీ ఉంది కదా, కాగితాలూ ఫొటో వాడికే ఇచ్చాం. వాడే పంపాడు. జవాబొచ్చింది. ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషను, అవసరం కోసం కాదు, దమ్మిడీ ఇవ్వం.

మా ఆవిడకి చెప్పాను. "పెళ్ళయిన ఇన్నాళ్ళకి నా అందం గురించి ఎవరో ఒకరు ఆలోచించారు" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

మార్చి 6

తోడల్లుడి ముక్కు గురించి రాయకపోతే ఈ డైరీకి అన్యాయం చేసినట్టే.

వాడి ముక్కు పుట్టుకతో ఎడమకి వంకర. పెళ్ళిచూపుల్లో ఎడమవైపు కూర్చున్నవాళ్ళందరూ తమనే వాసన చూస్తున్నాడనుకున్నారు. రెండేళ్ళ కిందట ఆస్పత్రికెళ్ళి నిటారుగా చేయించుకొచ్చాడు. ఊపిరాడట్లేదన్నాడు. పుట్టినప్పట్నుంచీ ఆడుతున్న ఊపిరి, ఏజెంట్ల మీటింగులో ఫొటో దిగాల్సొచ్చేసరికి ఆగిపోయింది. ఆ ముక్కుకి మొత్తం కంపెనీయే కట్టింది. అది నాకు బాగా తెలుసు.

అదే ముక్కు పెట్టుకుని నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చాడు. "ఏం చేస్తాం వదినగారూ, రూల్సు రూల్సే" అన్నాడు. ముక్కు వంకరగా ఉన్న రోజుల్లో కనీసం మాట సూటిగా వచ్చేది.

వెనకాల ముక్కుసారు అంటున్నాను. ఇకనుంచి మొహానే అంటాను.

మార్చి 9

ఈరోజు కంపెనీ ఆఫీసుకెళ్ళాను. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాను. గోళ్ళలో పుట్టీ మాత్రం పోలేదు. అద్దాల తలుపు, చల్లగాలి, కౌంటరు వెనక ఒక మేడమ్.

"మేడమ్, ఒక్క మాట. మా షెడ్డుకి సొట్టపడిన బంపర్లొస్తాయి. సొట్టున్నా బండి నడుస్తుంది. అయినా మీరు డబ్బిస్తారు. ఆ సొట్ట తీయడం అవసరమా, అందమా?" అన్నాను.

"అది వేరే సెక్షనండీ."

"పోనీ, హెడ్‌లైటు సగం మూసుకుపోయిన బండి వచ్చింది. అది అందమా?"

మేడమ్ కంప్యూటరు వైపు తిరిగింది.

"హెడ్‌లైటుకిచ్చి కంటికివ్వరా? అయితే మా ఆవిణ్ణి బండి కింద రాసుకోండి. నంబరు ప్లేటు నేనే కడతా. ఓనరు ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు, ఆ గొడవ ఇంట్లో నడుస్తోంది."

వెనక వరుసలో ఉన్న జనమంతా నవ్వారు. ఒక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. మేడమ్ మొహం ఎర్రబడింది. మేనేజరు గదిలోంచి పరిగెత్తుకొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ చూస్తామన్నాడు.

అంత బాగా మాట్లాడానా అని నాకే ఆశ్చర్యం.

మార్చి 10

కుర్చీ ఇంకా నిలబడే ఉంది. వాడు రాలేదు.

మార్చి 12

క్లెయిము కోసం తీయించిన ఫొటో కాపీ ఇంట్లో కనపడింది. మంచి ఫొటో. స్టూడియోవాడు సరదా మనిషి. ముందు మొహం కడుక్కురమ్మన్నాడు, పౌడరు రాయించాడు, కాటుక పెట్టించాడు. "అక్కా, కళ్ళు పెద్దవి చెయ్యి. మీ ఆయన ఈ నెల జీతం మొత్తం తెచ్చి నీ చేతిలో పోశాడనుకో" అన్నాడు. మా ఆవిడ కనుబొమలు రెండూ వెంట్రుకల దాకా ఎక్కిపోయాయి. అదే క్షణంలో టక్కున నొక్కాడు. ఎంత బాగా వచ్చిందంటే, తోడల్లుడు కూడా చూసి "వదినగారు హీరోయిన్‌లా ఉన్నారు" అంటూ జేబులో పెట్టుకున్నాడు.

స్టూడియోవాళ్ళలో కూడా అలాంటి రసికులుంటారు.

మార్చి 14

దేవుడున్నాడు. తోడల్లుడి కారు మా షెడ్డుకొచ్చింది. వాళ్ళ గేటుకి వాడే రాసుకున్నాడట, ఎడమ ముందు తలుపు లోపలికి పోయింది.

"ఏం ముక్కుసారూ, గేటు కనపళ్ళేదా? మీకూ రెప్పలు జారుతున్నాయా?" అన్నాను.

"అన్నయ్యా, నీ వేళాకోళం తర్వాత. ఎల్లుండికల్లా కావాలి. క్లెయిము పాసైపోయింది, చూసుకో."

"అప్పుడేనా?"

"నీ గోడ మీద రాసుకున్నావు కదా, దాని ప్రకారమే చేశా."

మా షెడ్డు గోడ మీద నేనే ఎర్రరంగుతో రాశాను, సర్వేయరు చూసేదాకా బండి కడగొద్దు అని. వచ్చిన ప్రతివాడూ సొట్టపడిన బండిని శుభ్రంగా కడిగి, తుడిచి, పాలిషు పెట్టి తెస్తాడు, కంపెనీ తరఫున చూడ్డానికొచ్చే సర్వేయరు దెబ్బెక్కడుందని అడుగుతాడు. అందుకని. వీడు మట్టితో సహా చూపించాడట. ఒక్క రోజులో పాస్.

వాడి తలుపు పాటి చెయ్యలేదు మా ఆవిడ కన్ను.

"కూర్చో తమ్ముడూ" అన్నాను. కుర్చీ ముందుకు జరిపాను, పైపంచెతో దుమ్ము కూడా దులిపాను. కూర్చున్నాడు. కాలు ఒకవైపు, వాడు ఒకవైపు. నేలమీద వెల్లకిలా పడి, కొత్త ముక్కుతో ఆకాశం వంక చూశాడు. తెల్లప్యాంటుకి గ్రీజు. ఎదురుగా టైర్ల కొట్టువాడు కూడా చూశాడు. నా పుట్టుకకి ఒక అర్థం దొరికింది.

మార్చి 15

సొట్ట లోపల్నుంచి కొట్టాలంటే తలుపు లోపలి అట్ట విప్పాలి. విప్పితే లోపల ఖాళీ. అడుగున సన్నటి గాడిలాంటిది ఉంటుంది, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా.

సొట్ట తీశాను. పుట్టీ పెట్టాను, రుద్దాను, ప్రైమరు, రంగు. వాడి ఇంకో తలుపు పక్కన పెట్టినా కనిపెట్టలేరు, అంత కలిసింది. పగ వేరు, పని వేరు.

అట్ట మూసేముందు గాడిలో ఒక నట్టు పడేశాను. చిన్నదే. నిలబెట్టినప్పుడు బుద్ధిమంతుడు. కుడికి తిప్పితే టక్. ఎడమకి తిప్పితే టక్. బ్రేకు వేస్తే టకటకటక్.

మార్చి 17

తోడల్లుడు ఫోన్.

"అన్నయ్యా, ఏదో చప్పుడొస్తోంది."

"ఎక్కణ్ణుంచి?"

"అదే తెలీట్లేదు. ఆపితే రాదు."

"నడుపుతుంటే వస్తోందంటావు. అంటే నడపకూడదు."

"మెకానిక్కి చూపించా. సస్పెన్షన్ అన్నాడు. మార్చినా పోలేదు."

"చప్పుడు అవసరమా అందమా చూడు తమ్ముడూ. అందం కోసమైతే కంపెనీ ఇవ్వదు."

ఫోన్ పెట్టేశాడు. ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మార్చి 20

ఇవాళ వేరే బండి కోసం సర్వేయరొచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ పెన్ను మూత నములుతూ ఉంటాడు. ఒకసారి బాగున్న తలుపు మీద నల్లదారం అంటించి, ఇదిగో సార్ గీత అని చూపించాను. గోటితో దారం తీసి, నా జేబులో పెట్టి, ఇంకేం ఉన్నాయని అడిగాడు. అప్పట్నుంచీ మాకు స్నేహం.

మా ఆవిడ సంగతి చెప్పాను. నాది బళ్ళ సెక్షను కదయ్యా అంటూనే, "ఏం పంపారు?" అన్నాడు. ఫొటో కాపీ చూపించాను. అటూ ఇటూ తిప్పాడు. పెన్ను మూత నోట్లోంచి తీశాడు.

"ఇది రిపేరయ్యాక తీసిందా?" అన్నాడు.

"ఇంకా రిపేరే కాలేదు సార్."

"మరి సొట్టేదయ్యా?"

ఆయన మా గోడవైపు చూశాడు. నేను రాసిన ఎర్రక్షరాలు చదివాడు, మెల్లిగా, పైకి. "సర్వేయరు చూసేదాకా బండి కడగొద్దు." తర్వాత ఫొటో నా చేతిలో పెట్టి, తను చూడాల్సిన బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చి 21

అంతా ఆ స్టూడియోవాడి వల్ల. పౌడరేంటి, కాటుకేంటి, కళ్ళు పెద్దవి చెయ్యమనడమేంటి. వాణ్ణి వదలను. వాడి కెమెరా మూతకి లోపలివైపు జిగురు రాస్తాను. వాడి స్టూలు కాళ్ళు కోస్తాను. వాడి షాపు ముందు ఫొటోలు తీయబడవు అని బోర్డు పెడతాను.

మా ఆవిడతో అన్నాను, ఆ స్టూడియోవాడి పని పడతానని.

"ఏ స్టూడియోవాడు?" అంది.

గడ్డం పైకెత్తి నా వంక చూసింది. ఆ తర్వాత లేచి గిన్నెలు సర్దుకుంది.

మార్చి 22

పని ఎక్కువగా ఉంది. రాయడానికేం లేదు.

మార్చి 23

కొత్త ఫొటో తీశాం. ఇంట్లోనే, కిటికీ పక్కన. పౌడరు లేదు, కాటుక లేదు, టేపు లేదు. డ్యూటీ నుంచి వచ్చిన మొహం వచ్చినట్టే.

"నుదురు వదిలెయ్యి" అన్నాను.

"వదిలాను."

"లేదు. కనుబొమలతో ఇంకా ఎత్తుతున్నావు. వదిలెయ్యి."

వదిలింది. రెప్పలు వచ్చి కూర్చున్నాయి. కుడి కన్ను పోయింది, ఎడమది చిన్న గీత. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నాం, నుదురు వదిలేసిన ఆమె మొహం నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఎదురుగా ఉన్నంతసేపూ ఎత్తే ఉంచేదన్నమాట.

"తీశావా?" అంది.

"ఆగు."

"ఇవాళ జోకు వెయ్యలేదేం?"

తీశాను.

మార్చి 27

కొత్త ఫొటో తోడల్లుడి చేతే కంపెనీకి మళ్ళీ పంపించాం. అదొక్కటే చాలదట. చూపు ఎంత మూసుకుపోయిందో పరీక్ష చేయించి ఆ కాగితం కూడా పెట్టమన్నారట. తోడల్లుడే వచ్చి తన కారులో తీసుకెళ్ళాడు. వాడికి ఇప్పుడు భయం పట్టుకుంది, మా మరదలు వాణ్ణి గట్టిగా తగులుకుంది. "మా అక్క ఫొటో కళ్ళు మూసుకుని పంపావా" అందట.

మా ఆవిడ ముందు సీట్లో, నేను వెనక. మొదటి మలుపులోనే టక్.

"ఇదే అన్నయ్యా. నిద్ర పట్టట్లేదు" అన్నాడు వాడు.

రెండో మలుపు. టక్. మా ఆవిడ తల తలుపు వైపు వంచి వింది. పాత మిషను చప్పుడుని బట్టి జబ్బు చెప్పే మనిషి. తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగి, గడ్డం ఎత్తి, నన్ను చూసింది. నేను కిటికీలోంచి ప్రకృతి చూశాను.

"మరిదిగారూ, ఇది బండి జబ్బు కాదు. చేసుకున్న పాపం" అంది.

ఆస్పత్రిలో గిన్నెలాంటి మిషనులో మొహం పెట్టించారు. చుక్కలాంటి వెలుగు కనపడ్డప్పుడల్లా మీట నొక్కాలి. పైన వెలిగిన చుక్క ఒక్కటీ నొక్కలేదు. వెలగలేదనుకుని కూర్చుంది పాపం. తర్వాత వాళ్ళే టేపుతో రెప్ప ఎత్తి కట్టి మళ్ళీ పెట్టారు. అన్నీ నొక్కింది. పరీక్ష చేసిన అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది, ఒకదాంట్లో పైసగం అంతా నలుపు.

బయటికొచ్చాక మా ఆవిడ, "వాళ్ళ టేపుకన్నా మన టేపే గట్టిది" అంది.

ఏప్రిల్ 8

పాసైంది. అందం కాదు, అవసరం అని రాసిచ్చారు.

తోడల్లుడు చుట్టాలందరికీ ఫోన్ చేసి, నేను తిరగబట్టి అయింది కానీ, అని చెప్పుకుంటున్నాడు. మా అత్తగారు వాణ్ణి దేవుడంది. దేవుడి కారు ఇంకా టకటకమంటూనే ఉంది.

ఏప్రిల్ 19

ఆపరేషనయింది. రెండు కళ్ళూ వాచి, ఎవరో కొట్టినట్టున్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా ముందు ఆమెని, తర్వాత నన్ను చూస్తున్నారు. ఆమె ఏమీ చెప్పట్లేదు. కావాలనే చెప్పట్లేదు.

ఏప్రిల్ 28

కుట్లు విప్పారు, వాపు దిగింది. పొద్దున లేచి, గడ్డం ఎత్తకుండా, కూర్చున్నచోటునుంచే ఇల్లంతా చూసింది.

"పైన ఇన్ని బూజులున్నాయేంటి? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే నన్నే దులపమంటావని."

తర్వాత నన్ను చూసింది. "నీ జుట్టెప్పుడు పోయింది?"

"దానికి కంపెనీ ఇవ్వదు. కనుక్కున్నా."

సోమవారం నుంచి డ్యూటీకి రమ్మంది సూపర్‌వైజరమ్మ. మిషను మీదకే.

మే 2

మొదట్నుంచీ తిరగేసి చదువుకున్నాను. ఊళ్ళోవాళ్ళకి టోకరా ఇచ్చే అలవాటులో నాకు నేనే ఇచ్చుకున్న చోట్లున్నాయి. అవేవో రాసేస్తే సరిపోతుంది.

కుర్చీలోంచి తోడల్లుడు పడలేదు. వాడు నిలబడే మాట్లాడి వెళ్ళిపోయాడు. వాడెళ్ళాక, ఇంకెలా దెబ్బ తీద్దామా అని ఆలోచిస్తూ కూర్చున్నది నేను, పడింది నేను. టైర్ల కొట్టువాడు చూసిన మాట నిజం.

కంపెనీ ఆఫీసులో నేనన్నది ఒకే మాట, "సరేనండి". మేడమ్ మర్యాదగానే చెప్పింది. బంపరూ, హెడ్‌లైటూ, నంబరు ప్లేటూ తిరిగొచ్చేటప్పుడు బస్సులో తట్టాయి. చప్పట్లు కొట్టిన పెద్దాయన లేడు. మేనేజరు లేడు. నీళ్ళు కూడా లేవు.

వాడి ముక్కుకి కంపెనీ కట్టిందని రాశాను. నాకేం తెలీదు. కట్టి ఉంటే బాగుండని రాశాను. మొన్న మరదల్ని అడిగితే మెడ చూపించింది. గొలుసు అమ్మి చేయించారట.

స్టూడియో లేదు. స్టూడియోవాడు లేడు. ఆ ఫొటో మా గుమ్మంలో, నా ఫోనుతో, నేనే తీశాను. మొహం కడుక్కోమన్నది నేను, కాటుక పెట్టుకోమన్నది నేను, జీతం జోకు వేసింది నేను. దానికి ముందు రెండు తీశాను. వాటిల్లో రెప్పలు వాలిపోయి, ఉన్నది ఉన్నట్టు వచ్చింది. బాగాలేవని చెరిపేశాను.

మా ఆవిడకి ఇదంతా మొదటి రోజు నుంచే తెలుసు. గుమ్మంలో నిలబడింది తనే కదా.

నట్టు మాత్రం నిజం. నిన్న అడిగాను, తీసెయ్యనా అని. పాపం, తిరిగాడు కదా, అన్నాను.

"ఫొటో పంపేముందు ఆయన కూడా చూశాడు. ముక్కుతోపాటు కళ్ళు కూడా ఉన్నాయిగా" అంది. "ఉండనీ. ఈ ఏడాదికి ఉండనీ."

"మరి నా సంగతి?"

"నీ సంగతి నేను చూసుకుంటా" అంది, గడ్డం ఎత్తకుండా, రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి.

అప్పట్నుంచీ ఇంట్లో ఏ కుర్చీ అయినా చేత్తో ఊపి చూసిగానీ కూర్చోవట్లేదు. ఇది కల్పన కాదు.